మా ఇంటి ఐదో మాట

మొన్న బుధవారం చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నాను. పక్కన ఫోను టింగుమంది. చేతులన్నీ పులుపు, జిగురు. కొంగుకు తుడుచుకుని చూస్తే, జమ్మలమడుగు చర్చి సంఘం గ్రూపులో ఒక జాబితా. మంచి శుక్రవారం ఆరాధన, ఏడు మాటలు, ఏడుగురి పేర్లు. మంచి శుక్రవారానికి ముందు వచ్చే నలభై శ్రమల దినాలు మొదలై ఇంకా రెండు వారాలైనా కాలేదు, అప్పుడే జాబితా వేశారంటే కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు చురుకైనవారే అనుకుంటూ కిందికి జరిపాను. ఐదో మాట ఎదురుగా నా పేరు ఉంది. నన్నెవరూ అడగలేదు. చింతపండు చాటను అలాగే వదిలేసి లేచాను. వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్లు ముంచుకున్నాను, తాగకుండానే మళ్లీ బిందెలో పోసేశాను.

తెలియనివారికి ఈ ఏడు మాటల సంగతి చెప్పాలి. మంచి శుక్రవారం, అంటే ప్రభువును సిలువ వేసిన రోజు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా గుడిలోంచి ఎవరూ కదలరు. సిలువ మీద ప్రభువు ఏడుసార్లు మాట్లాడాడు. ఆ ఒక్కో మాట మీద సంఘంలో ఒక్కొక్కరు లేచి ప్రసంగించాలి. నడుమ పాట, ప్రార్థన. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. అయ్యగారి బల్ల మీద చిన్న ఇత్తడి గంట ఉంటుంది, సమయం మించితే టంగుమనిపిస్తారు. మూడు గంటలయ్యేదాకా మాటలు చెప్పేవాళ్లు గుక్కెడు నీళ్లు కూడా ముట్టరు. అది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, మా పెద్దలు చేశారు కాబట్టి మేమూ చేస్తాము. మూడో మాట తల్లికి సంబంధించింది కాబట్టి స్త్రీల సమాజానికి ఇస్తారు. మొదటిది క్షమాపణ గురించి కాబట్టి ఆ ఏడు సంఘంలో ఎక్కువ తగాదాలు పడినవాళ్లను చూసి ఇస్తారని మా పెద్దమ్మ అనేది. ఐదోది 'దప్పిగొనుచున్నాను' అన్న దప్పిక మాట. అది ఇరవై ఏళ్లకు పైగా మా పెద్దమ్మది. ఆమె పోయిన రోజు మాత్రం నాది. ఆ తరువాత మూడేళ్లు నేను వద్దంటూ వచ్చాను.

అయ్యగారికి ఫోను చేసి నా పేరు తీసేయమన్నాను. ఆయన నిదానంగా విన్నారు. "అది మీ ఇంటి మాటంట కదమ్మా. పెద్దోళ్లు చెప్పినారు, మూడేండ్లుగా ఎవరెవరికో ఇచ్చి సరిపెడ్తాండామని. ప్రార్థన చేసుకోండమ్మా, ఇంకా శానా దినాలుండాయి కదా" అన్నారు. ప్రార్థన చేసుకున్నాను. మోకాళ్ల మీద కూడా నిమ్మళంగా ఉండలేకపోయాను. లేచి వరండాలోకి, వరండాలోంచి దొడ్లోకి, దొడ్లోంచి మళ్లీ వంటింట్లోకి. పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తకుండానే, "ఏంది మే, ఇల్లు కొలుస్తాండావా?" అన్నాడు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వార్డులో నలభై మందుండారు, ఇంకొకర్ని యాడ పండబెట్టేది?" అనేది. మా ఊళ్లో హైస్కూలు లేనందువల్ల ఆరు నుంచి పది దాకా నేను ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాను. ఇంటిని కూడా ఆమె వార్డులాగే నడిపేది. దుప్పటి మూలలు మడత పడకుండా దోపాలి. గోళ్లు శనివారం చూపించాలి. నీళ్లయితే ఆమె చెప్పినట్టే తాగాలి. నిలబడి తాగకూడదు, గటగటా తాగకూడదు, ఎండలోంచి వచ్చీరాగానే అసలే తాగకూడదు. బడి నుంచి వచ్చి కుండ మీదికి వంగితే చాలు, "చెమటారనీ, కూర్చో" అని లోపలి నుంచి కేక వినిపించేది. పెన్నలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ చూసి పెరిగినవాళ్లం మేము. ఆ ఊరి ఎండలో ఆ కుండ ముందు అయిదు నిమిషాలు కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఇప్పటికీ నేను నీళ్లు కూర్చునే తాగుతాను. స్టాఫ్‌రూంలో తోటి టీచర్లు నవ్వేవాళ్లు.

పెద్దమ్మ ఇంటికి ఆనుకుని ఉన్న ఇల్లు బూబక్కది. ఆమె పేరు వేరే ఉంది, అయితే వీధంతా బూబక్క అనే పిలుస్తుంది. వాళ్లాయన పాత బస్టాండు దగ్గర పరుపులు కుట్టేవాడు. బూబక్క మేక పెద్దమ్మ కనకాంబరం చెట్లు తినడం, పెద్దమ్మ కట్టె తీసుకుని గోడ దగ్గరికి పోవడం, గోడకు ఇవతలా అవతలా కాసేపు మాటలు నడవడం, సాయంత్రానికి ఏదో ఒక గిన్నె గోడ దాటడం, ఇదీ వాళ్ల స్నేహం. రంజానుకు అటు నుంచి బిర్యానీ వచ్చేది, క్రిస్మసుకు ఇటు నుంచి గులాబీ పూల పిండివంట పోయేది. వచ్చినదాన్ని ఇద్దరూ ఏనాడూ బాగుందని అనలేదు. "ఉప్పు ఎక్కువేసినావు." "నీ పూలు ఇరగ్గొట్టనీకి సుత్తి కావాల సిస్టరమ్మా." గిన్నెలు మాత్రం ఖాళీగానే తిరిగి వచ్చేవి.

పెద్దమ్మ ఐదో మాట ప్రతి సంవత్సరం ఒకటే. ఆమె సాహిత్యం చదివిన మనిషి కాదు, తను చూసిందే చెప్పేది. కడుపు కోసి కుట్టిన మనిషికి వెంటనే నీళ్లు ఇవ్వకూడదు. వాళ్లు అడుగుతారు, ఏడుస్తారు, తిడతారు, శాపాలు పెడతారు. ఒకామెకు రెండో కాన్పు ఆపరేషనయింది. దప్పిక తట్టుకోలేక ఆమె నర్సు కాళ్లు పట్టుకుంది. "నేను ఈలేదు. తడి దూదితో పెదవులు తుడిచినా, అంతే. ఈనందుకే ఆమె ఈ పొద్దు బతికుండాది. మన ప్రభువు దప్పికన్నప్పుడు పరలోకంలో ఉండే తండ్రికి ఒక మేఘం పంపడం చేతగాకనా? మనం బతకాలని పంపలేదు." సరిగ్గా పద్నాలుగో నిమిషానికి ఆమె కూర్చునేది. ఆమెకు గంట కొట్టాల్సిన అవసరం ఏ అయ్యగారికీ రాలేదు. వెనక బెంచీల్లోని ఆడపిల్లలకు ఆ ప్రసంగం కంఠతా వచ్చు, ఆమెతోపాటే పెదవులు కదిలించేవాళ్లు. గుడి మైకు మా వీధికంతా వినిపిస్తుంది. ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి గొంతు లేచేది. "ఈ యేడు గూడా నా కతే చెప్పినావా సిస్టరమ్మా? నేను కాళ్లు పట్టుకోల్యా, చెయ్యి పట్టుకుంటి. గుళ్లో నిలబడుకోని అబద్ధాలు చెప్తావే!" పెద్దమ్మ ఆ తరువాతి ఏడాది కూడా కాళ్లనే చెప్పేది.

నాలుగేళ్ల కిందట శ్రమల దినాల్లోనే పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయింది. ప్రొద్దుటూరులో ఆసుపత్రిలో కొన్నాళ్లుంచి, ఇక ఇంటి దగ్గర చూసుకోమన్నారు. మింగే నరాలు పని చేయడం లేదు, నోటికి నీళ్లిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కు గొట్టం ద్వారానే ఏదైనా అని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేను టీచరును కదా, జమ్మలమడుగు ఇంటికి తెచ్చిన రోజే తెల్ల చార్టు మీద ఎర్ర స్కెచ్చుతో 'నోటికి నీళ్లు ఇవ్వరాదు' అని పెద్దక్షరాలతో రాసి మంచం పైన గోడకు అంటించాను. పెద్దమ్మ దాన్ని ఎడమ కంటితో చాలాసేపు చూసింది. అక్షరాలు దిద్దుతోందేమో అనిపించింది.

మాట ముద్దయినా అధికారం పోలేదు. ఐదో మాట ఎవరు చెప్తారని మంచి శుక్రవారం వచ్చే వారం మొదట్లో అప్పటి అయ్యగారు వచ్చి అడిగితే, ఎడమచెయ్యి ఎత్తి నన్ను చూపించింది. ఆ గౌరవానికి లోపల కొంచెం పొంగాను, ఇప్పుడు దాచడమెందుకు. రాత్రులు ఆమె మంచం పక్కనే కూర్చుని గ్రంథం ముందు పెట్టుకుని ప్రసంగం రాసుకున్నాను. గురువారం ఆమె ముక్కు గొట్టం లాగి పారేసింది. డాక్టరుకు ఫోను చేస్తే, మూత్రం కూడా ఆగిపోయిందంటున్నారు కాబట్టి ఇక మళ్లీ గొట్టం వద్దు, ఒకటి రెండు రోజులే, నోటికి మాత్రం ఏమీ ఇవ్వకండి అన్నాడు. శుక్రవారం తెల్లవారినప్పటి నుంచి పెద్దమ్మ నీళ్లడగడం మొదలుపెట్టింది. మాట సరిగా రాదు, అయినా ఆ ఒక్క మాట మాత్రం తెలిసేది. తరువాత తరువాత మాట మానేసి నాలుక బయటికి చాచి చూపించింది. నేను దూది తడిపి పెదవులు తుడిచాను. ఆమె నాకు నేర్పిన పద్ధతే. ఆమె దూదిని పళ్లతో పట్టుకుంది. నేను లాగేసుకున్నాను.

పులివెందుల నుంచి తమ్ముడు పదకొండుకల్లా వస్తానన్నాడు. ముద్దనూరు దగ్గర బస్సు ఆగిపోయిందని ఫోను. పదకొండున్నర అయింది. గుడిలో మొదటి గంట మోగింది. నేను గుమ్మంలోకీ మంచం దగ్గరికీ తిరుగుతున్నాను. మాట చెప్పేవాళ్లు పన్నెండుకు ముందే ముందు బెంచీలో ఉండాలి. పోకపోతే పెద్దమ్మ చెయ్యెత్తి అప్పగించిన పని పోయినట్టు. పోతే, మనిషి పోతున్నప్పుడు పక్కన లేనట్టు. అప్పుడు బూబక్క గోడ దగ్గర కనిపించింది. వాళ్లకు అది రంజాను నెల. ఎండకు ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. "నువ్వు పోయి రా టీచరమ్మా, నేను కూర్చుంటా. నాకు ఒక్కపొద్దు, వంటా వార్పూ ఏముంది?" అంది. చార్టు చూపించాను. నోటికేమీ ఇవ్వొద్దని నోటితో కూడా చెప్పాను. "సరే పో, నాకు తెలవదా మీ ఇంటి సంగతి" అంది.

ఆ రోజు నేను బాగా మాట్లాడాను. ఇది అతిశయం కాదు, అదే నా బాధ. గొంతు ఎండిపోయి ఉంది, ఆ ఎండిన గొంతే మాటకు బరువు తెచ్చింది. పెద్దమ్మ చెప్పే ఆ కథే చెప్పాను, కాళ్లు పట్టుకున్న ఆవిడ కథ. స్త్రీలు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. గంట మోగకముందే ముగించి కూర్చున్నాను. మూడయ్యాక అందరూ నా చేతులు పట్టుకుని అచ్చం మీ పెద్దమ్మ చెప్పినట్టే ఉందన్నారు. ఆ మాటలు వింటూ ఒక ఐదు నిమిషాలు గుడి మెట్ల మీద నిలబడ్డాను కూడా.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ పోయింది. కళ్లు మూసి ఉన్నాయి, దుప్పటి మూలలు లోపలికి దోపి ఉన్నాయి. స్టూలు మీద సగం నీళ్లున్న గ్లాసు, దాని పక్కన చెంచా. బూబక్క మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది. నేను ఏడవలేదు. ముందు ఆ గ్లాసునే చూశాను.

"నీళ్లిచ్చినావా?"

"ఇస్తినమ్మా. అడుగుతాంటే ఎట్ల చూస్తా కూర్చునేది?"

"గోడ మీద రాసి పెట్టినా కదా! నోటితో గూడా చెప్పినా కదా! నువ్వే చంపినావు!"

ఆ మాట అన్నాను. వాక్యం చదివిన నోటితో, అప్పుడే దప్పిక మీద ప్రసంగం చేసి వచ్చిన నోటితో అన్నాను. బూబక్క నెమ్మదిగా లేచింది. "నాకు చదువు రాదు కదమ్మా" అంది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఆ పొద్దు నేనెంత మొత్తుకున్యా మీ పెద్దమ్మ చుక్క ఈలేదు. నేను బతకాలని ఈలేదు. ఈమె బతికేది యాడుందమ్మా? ఎవురి కోసరం ఎండబెడ్తాండావు?" అప్పుడే తమ్ముడు బ్యాగుతో లోపలికి వచ్చాడు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం సమాధి చేశాము. ఈస్టరుకు ముందు రోజు కదా, సమాధుల తోటలో ఎవరి మనుషుల సమాధులకు వాళ్లు సున్నం కొడుతున్నారు. బకెట్లు, కుంచెలు పక్కన పెట్టి అందరూ లేచి నిలబడ్డారు. మా పెట్టె వీధి మలుపు తిరిగేటప్పుడు బూబక్క గోడ నీడలో నిలబడి ఉంది. నన్ను చూసి ఒక్క అడుగు ముందుకు వేసింది. నేను తల తిప్పుకున్నాను. ఆదివారం తెల్లవారుజామున అదే తోటలో పునరుత్థాన ఆరాధన. తెల్లటి సమాధుల మధ్య పెద్దమ్మది ఒక్కటే పచ్చిమట్టి దిబ్బ. దాని పక్కన నిలబడి నేనూ గట్టిగా పాడాను. ఆమె లేస్తుందని నాకు అనుమానం లేదు, ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. నా అలజడి ఆమె గురించి కాదు. రెండు ప్రశ్నలు నన్ను కూర్చోనివ్వలేదు. ఆ నీళ్లు అడ్డంపడే పెద్దమ్మ పోయిందా? పడకపోతే, ఆ నీళ్లు నేనెందుకు ఇవ్వలేకపోయాను? మొదటిదానికి అవునని జవాబు వస్తే బూబక్క మీద నా కోపం న్యాయమవుతుంది. కాదని వస్తే నా గతేమిటి? అడగకుండా ఉండటమే మేలనిపించింది. పెద్దమ్మ ఇల్లు బాడుగకు ఇచ్చేసి నేను మా ఊరికి తిరిగి వచ్చేశాను. తమ్ముడింటికి పులివెందుల పోవాలన్నా జమ్మలమడుగు మీదుగా పోయే బస్సు ఎక్కేదాన్ని కాదు.

బుధవారం జాబితా చూసిన రోజంతా ఆ నడకే. ఐదో మాట చదివినప్పుడల్లా ఒక సంగతి గుచ్చుతుంది. మిగతా ఆరు మాటలకూ సిలువ కింద ఉన్న మనిషి వినడమో, ఏడవడమో, నమ్మడమో చేయగలడు. చెయ్యి చాచి ఏదైనా ఇవ్వగలిగే మాట ఇదొక్కటే. ఎవడో ఒకడు స్పంజి తడిపి అందించాడు, వాడి పేరు కూడా గ్రంథంలో లేదు. అర్పణ తెచ్చినవాడు, తన మీద ఎవరికైనా విరోధం ఉందని గుర్తొస్తే, ఆ అర్పణను బలిపీఠం ముందే వదిలి వెళ్లి ముందు వాళ్లతో సమాధానపడాలని సండేస్కూలు పిల్లలకు కంఠతా పెట్టించింది నేనే. తప్పు చదివిన పిల్లలను నిలబెట్టాను కూడా. మరి నా అర్పణ పదిహేను నిమిషాల మాట. దాన్ని వదలడం మాత్రం వదిలేశాను, మూడేళ్లుగా. వెళ్లడమే చేయలేదు.

శుక్రవారం పొద్దున జమ్మలమడుగు బస్సెక్కాను. ఈ ఏడు మా శ్రమల దినాలు, వాళ్ల ఒక్కపొద్దులు దాదాపు ఒక్కసారే మొదలయ్యాయి. కిటికీ పక్కన కూర్చుని చెప్పాల్సిన వాక్యాలు సర్దుకున్నాను, మార్చాను, మళ్లీ సర్దుకున్నాను. దిగి వీధిలోకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బూబక్క వాకిట్లో మంచం మీద బియ్యం ఎండబెడుతోంది. నడుము వంగింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవురూ? టీచరమ్మా! దావ తప్పినావా?"

"నీకోసమే వచ్చినా అక్కా."

"నాకోసరమా? నాలుగేండ్లయినా తిట్లేమన్నా మిగిలిపోయినాయా?"

సర్దుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. "ఆ పొద్దు తప్పు మాట్లాడినా అక్కా. ఆ మాట నేను అనకూడదు" అన్నాను. ఆమె బియ్యంలో చేతివేళ్లు తిప్పింది. "నేనూ ఒక అబద్ధం చెప్తి. నాకు చదువు రాదంటి. బస్సు బోర్డులు చదువుకోని పులివెందులకు, ప్రొద్దుటూరికి తిరిగేదాన్ని, నీ రెండు మాటలు చదవలేనా? చదివినా. చదివే ఇస్తి" అంది.

నాలుగేళ్లుగా మోసిన ప్రశ్న అప్పుడు అడిగాను. "నీళ్లు తాగినాక దగ్గిందా అక్కా?"

"ఒక్క దగ్గు గూడా లేదు. వినుకో. మొదటి సెంచా నేను ఆమె తల ఎల్లకిలబెట్టి పొయ్యబోతి. కండ్లు పెద్దవి చేసి ఉరిమింది చూడు! మంచి చేత్తో గడ్డం కిందికి వంచుకునింది. మొగం ఇట్ల పక్కకు తిప్పుకునింది. ఇంక పొయ్యి అన్యట్ల సైగ చేసింది. సచ్చేటప్పుడు గూడా నాకు డూటీ నేర్పిచ్చే పోయింది మీ పెద్దమ్మ. మూడు సెంచాలు తాగింది. నాలుగోదానికి చెయ్యి అడ్డం పెట్టింది. శానాసేపు నా చెయ్యి పట్టుకోనే ఉండె. మీ మైకులో నువ్వు మాట్లాడేది వినపడ్తాండె, ఇద్దరమూ విన్నాం. కాళ్లు పట్టుకునింది అని నువ్వు గూడా అంటివి చూడు, అప్పుడు ఆమె నా దిక్కు చూసి నవ్వింది. మూతి వంకర పోయిండె గానీ, అది నవ్వే. నువ్వు కూర్చున్నాక, పాట పాడతాంటే పోయింది."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడిగితివా? అరిస్తివి."

నేను వాకిట్లో నిలబడే ఏడ్చాను. ఆమె లోపలికి పోయి స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చింది. చెంబు పైన చెమట పట్టి ఉంది. ఆమె పెదవులు ఆనాటిలాగే పగిలి ఉన్నాయి.

"నీకు ఒక్కపొద్దు కదక్కా, నీ ఎదురుగా ఎట్ల తాగేది?"

"నా ఒక్కపొద్దు నాది, నీ దప్పిక నీది. ఎండన పడి వచ్చినావు. కూర్చో ముందు. నిలబడుకోని తాగితే సిస్టరమ్మ ఒప్పుకోదు."

గడప మీద కూర్చున్నాను. చెమటారేదాకా ఆగాను. గటగటా కాకుండా గుక్క గుక్కగా తాగాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె చేతులు కట్టుకుని, వార్డులో నర్సులాగా నన్ను చూస్తూ నిలబడింది. తిరుగు బస్సులో అయ్యగారికి ఫోను చేసి ఐదో మాట నేనే చెప్తానన్నాను. ఒక సంగతి మాత్రం ఈసారి మారుస్తాను, చెయ్యి పట్టుకుంది అని చెప్తాను. మైకు బూబక్కకు వినిపిస్తుంది.

గుడిలో పదిహేను నిమిషాలు కాగానే గంట కొడతారు, మాట ఎక్కడికక్కడ ముగుస్తుంది. గోడ అవతలి మనిషి దగ్గరికి నడిచి వెళ్లి చెప్పాల్సిన మాటకు గంట కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే కాబోలు, ఆ గోడ చుట్టి వెళ్లడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.